పదకొండుంబావుకి వచ్చే ముఖం

ఆ మంగళవారం ఒంట్లో నలతగా ఉండి నూకరత్నం ఆఫీసుకు వెళ్ళలేదు. పదకొండు దాటాక మజ్జిగ గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఆమె భర్త వీరబాబు పీట మీద కూర్చుని, పక్కింటివాళ్ళ సీలింగ్ ఫ్యాను విప్పి రాగి తీగ చుడుతున్నాడు. అలికిడికి తలెత్తాడు.

తొమ్మిదేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి, దారి తప్పి ఇంట్లోకి చొరబడిన పరాయి ఆడదాన్ని చూసినట్టు చూశాడు. చేతిలో స్క్రూడ్రైవర్ బిగుసుకుంది. లేవబోయాడు. రత్నం కదల్లేదు. అలాంటప్పుడు కదలకూడదని రోగుల ఇళ్ళవాళ్ళకు ఇచ్చే కాగితంలో తనే రాసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లోపల లెక్కపెట్టుకుంది. ఐదు అనుకునేలోగా అతని ముఖం వదులైంది.

"రత్నం," అన్నాడు. గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాడు. తర్వాత ఆమె పక్కన, నడుమెత్తులో, ఖాళీగా ఉన్న చోటుకేసి చూశాడు. "ఈ పాప ఎవరు?"

"ఏ పాపండీ?"

"నీ పక్కనే ఉంది గదా. పది రోజుల్నుంచి ఈ వేళకి వస్తోంది. ఎవరో ఎంతకీ గుర్తు రావట్లేదు."

వాళ్ళకు పిల్లలు లేరు. వరండాలో వాళ్ళిద్దరే ఉన్నారు.

మూడేళ్ళ కిందట తీరం వెంబడి పాకిన మెదడు జ్వరం, బతికించి వదిలినవాళ్ళ దగ్గర ఒక్కటే తీసుకుపోయింది. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో పోల్చుకునే శక్తి. కాకినాడ జ్ఞప్తి కేంద్రంలో డాక్టర్ మృణాళిని దానికి మందు కనిపెట్టలేకపోయింది గానీ ఒక చుట్టుదారి కనిపెట్టింది. చెవి వెనక ఎముకలో చింతగింజంత పరికరం పెడతారు. మెదడు ఒక ముఖాన్నో గొంతునో పట్టుకోగానే అది దాన్ని అంకెల వరసగా మార్చి కేంద్రంలోని సర్వర్‌కు పంపి "ఎవరు?" అని అడుగుతుంది. ఇంటివాళ్ళు నమోదు చేయించిన పట్టికలో సర్వర్ వెతికి జవాబు పంపుతుంది. పేరు, చుట్టరికం, ఒక్క వాక్యం. అది చెవిలో మాటలా వినపడదు, తనకే గుర్తొచ్చినట్టు తోస్తుంది. అంతా రెప్పపాటులో జరిగిపోతుంది. పదకొండు వందల నలభై మంది ఆ రెప్పపాటు మీద ఆధారపడి తమవాళ్ళతో బతుకుతున్నారు. వాళ్ళలో వీరబాబు ఒకడు. జ్వరానికి ముందు నూకరత్నం ఒక ఎరువుల కంపెనీలో డేటాబేస్‌లు చూసేది. ఇప్పుడు ఈ సర్వర్ మందగించకుండా చూడడం ఆమె పని.

నలత సంగతి మరిచిపోయి ఆ మధ్యాహ్నమే కేంద్రానికి వెళ్ళింది.

డాక్టర్ మృణాళిని బల్ల మీద ఫిర్యాదుల కాగితాలు అప్పటికే పరుచుకుని ఉన్నాయి. రెండు వారాలుగా పొద్దున్నపూట ఒక పావుగంట పాటు జవాబులు ఆలస్యంగా వెళ్తున్నాయి. మూడు సెకన్లు, నాలుగు, ఒక్కోసారి ఆరు. సామర్లకోటలో ఒక తల్లి చంకలో ఉన్న తన బిడ్డను ఎవరి బిడ్డో అనుకుని పొరుగింటి గుమ్మంలో దించేసి వచ్చేసింది. జవాబు అందేసరికి బిడ్డ పాక్కుంటూ నూతి చప్టా దాకా వెళ్ళాడు. ఎవరో చూసి ఎత్తుకున్నారు.

"ఇంకో సర్వర్ తెప్పించమంటావా రత్నం?" అంది డాక్టర్.

"ముందు దీన్ని ఎవరు తినేస్తున్నారో చూడనివ్వండి మేడమ్. అది తెలీకుండా ఎన్ని తెచ్చినా అంతే." కాగితాలు తిరగేస్తూ ఆగింది. "ఈ పాప గురించి ఎంతమంది అడిగారు?"

డాక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇప్పటికి ఇరవై ముగ్గురు. ఆరేళ్ళ పిల్లట. గుమ్మం దగ్గర నిలబడుతుందట. అందరూ ఒకే మాట చెబుతున్నారు, ముందు పళ్ళు రెండు ఊడాయని."

రత్నం ఆ కాగితం చివర వీరబాబు పేరు కూడా రాసింది.

మరునాడు ట్రేస్ పెట్టింది. ఏ రోగి ఏ క్షణాన ఏం అడిగాడో, జవాబుకు ఎంతసేపు పట్టిందో ఒక్కోటీ రాసుకునే కాపలా అది. కాపలా బరువుకే సర్వర్ మరింత మందగిస్తుంది కాబట్టి పదకొండుంబావు నుంచి పావుగంట మాత్రమే ఉంచింది. ఈలోగా పాత రికార్డులు చూసింది. ఆదివారాలు ఏ ఆలస్యమూ లేదు. రెండో శనివారం కూడా లేదు. యంత్రాలకు రెండో శనివారం తెలియదు. అది తెలిసేది మనుషులకే అనుకుంది.

ట్రేస్‌లో దొరికింది ఒకే ఒక్క సెషన్, అంటే ఒక్క రోగి పరికరం నుంచి వచ్చిన ప్రశ్నల వరస. పావుగంటలో రెండువేల ఆరువందల ప్రశ్నలు, అన్నీ ఒకే ముఖం గురించి. ఆ ముఖం ఆ రోగి పట్టికలో లేదు. సొంత పట్టికలో దొరక్కపోతే సర్వర్ మిగిలిన అందరి పట్టికలూ మొదటి నుంచి చివరిదాకా వెతికి వట్టి చేతులతో తిరిగొస్తుంది. వచ్చీ రాగానే మళ్ళీ అదే ప్రశ్న. మిగతా పదకొండు వందల మంది ఆ వెతుకులాట వెనకాల వరసలో నిలబడి ఉన్నారు.

రెండో తప్పు కూడా కనపడింది. జవాబు దొరకని ప్రశ్నను సర్వర్ పూర్తిగా చెరపకుండానే ఆ దారిని తర్వాతి రోగికి ఇచ్చేస్తోంది. ఒకరు తాగిన గ్లాసు కడక్కుండా మరొకరికి నీళ్ళు పోసినట్టు. అలా ఒకరి ప్రశ్న అడుగున మిగిలి అందరి తలల్లోకీ వెళ్తోంది. ఆ గ్లాసు కడిగే ఏర్పాటు రత్నం ఆ సాయంత్రమే చేసేసింది.

ఆ తర్వాత అడుగుతున్న రోగి పేరు చూసింది. అడబాల సోమరాజు. వెనక భవనం, ఏడో మంచం. ఉప్పాడలో మగ్గం నేసేవాడు. ఎనిమిది నెలల కిందట ఫిట్స్ వచ్చి పడిపోయాడు, మళ్ళీ కళ్ళు తెరవలేదు. స్పృహ లేదని, ఇక రాదని డాక్టర్లు రాసేశారు. పరికరం ఒంటి వేడితోనే నడుస్తుంది గనక దాన్ని ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

"కళ్ళు మూసుకున్న మనిషికి ముఖమెక్కడిది?" అంది డాక్టర్ మృణాళిని, ఇద్దరూ ఆ మంచం దగ్గర నిలబడి ఉన్నప్పుడు.

"పరికరానికి ఆ తేడా తెలీదండి. కన్ను చూసినా, మనసు చూసినా దానికి ముఖమే."

గోడ గడియారం పదకొండుంబావు చూపించింది. కిటికీ అవతల ప్రహరీకి ఆనుకుని ఉన్న బడిలో గంట మోగింది. ఇంటర్వెల్. వందమంది పిల్లల అరుపులు ఒక్కసారిగా గదిలోకి వచ్చి పడ్డాయి. సోమరాజు ముఖంలో ఏ మార్పూ లేదు. రత్నం చేతిలో ల్యాప్‌టాప్ తెర మీద మాత్రం వరసలు పరుగెత్తడం మొదలైంది. ఎవరు? ఎవరు? ఎవరు? ఎవరు?

బడి తెరిచిన వారమే అతన్ని ముందు భవనం నుంచి ఈ గదికి మార్చారని నర్సు చెప్పింది.

"ఈయన పరికరం ఆపేస్తే సరిపోతుంది," అంది డాక్టర్ మెల్లగా. "అటు పదకొండు వందల మంది ఉన్నారు రత్నం."

"ఆపితే ఆయన అడగడం ఆగదు మేడమ్. మనకి వినపడ్డం ఆగుతుంది."

డాక్టర్ కిటికీ మూయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "రెండు రోజులు టైమిస్తున్నాను," అంది.

అంకెల నుంచి ముఖాన్ని తిరిగి గీయడం కష్టమేమీ కాదు. గీసిన బొమ్మను కవర్లో పెట్టుకుని రత్నం ఉప్పాడ వెళ్ళింది. సోమరాజు భార్య దుర్గాభవాని మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీర నేస్తోంది. ముప్ఫయ్యొక్కేళ్ళ మనిషి. కేంద్రం నుంచి వచ్చానని చెప్పగానే, "పోయారాండీ?" అని అడిగింది. ఆ మాట అడగడానికి ఎనిమిది నెలలుగా సిద్ధంగా ఉన్నట్టుంది.

"లేదమ్మా. ఒక్క బొమ్మ చూపించి పోదామని వచ్చాను."

దుర్గాభవాని బొమ్మ చూసింది. పడుగు దారాల మీద చెయ్యి అలా ఆగిపోయింది. "ఇదెక్కడ దొరికిందండి మీకు?" అంది.

"మీ ఆయన లోపల."

అప్పుడు చెప్పింది. పిల్ల పేరు నిత్య. తండ్రికి జ్వరం వచ్చిన వారానికే దానికీ వచ్చింది. ఆయన ఆసుపత్రిలో ఉండగానే పిల్ల పోయింది. ఆయన కోలుకుని వచ్చాక ఎవరూ గుర్తు లేరు, నిత్య కూడా గుర్తు లేదు. పరికరం పెట్టేటప్పుడు ఇంటివాళ్ళ పేర్లు రాయమన్నారు.

"అందర్నీ రాయించానండి. దాన్ని వదిలేశాను. గోడ మీద ఫొటోలు కూడా తీసేశాను. గుర్తే లేని పిల్ల కోసం ఆయనెందుకు ఏడవాలి, ఏడ్చేదేదో నేనొక్కదాన్నీ ఏడుస్తానులే అనుకున్నాను." బొమ్మను ఒళ్ళో బోర్లించింది. "ఎన్నిసార్లు అడిగారండి?"

రత్నం అబద్ధం చెబుదామనుకుంది, చెప్పలేకపోయింది. "ముప్ఫై వేల సార్లు దాటుంటుందమ్మా."

దుర్గాభవాని గుంటలోంచి లేచి చేతులు కడుక్కుని వచ్చింది. "అయితే రాసీయండి. నిత్య, మీ కూతురు."

"ఒక వాక్యం కూడా కావాలి. ఇప్పుడు ఎక్కడుంది, ఏం చేస్తోంది, అలాంటిది. అది లేకపోతే జవాబు పూర్తవదు."

దుర్గాభవాని గుమ్మం పట్టుకుని వీధిలోకి చూసింది.

"బడికెళ్ళింది, వచ్చేస్తుంది అని రాయండి."

"అమ్మా..."

"చచ్చిపోయిందని మీరు రాయగలరాండీ? కదల్లేని మనిషికి? ఏడుద్దామన్నా ఏడవలేడు కదా ఆయన."

రత్నం అలాగే రాసింది.

మర్నాడు పదకొండుంబావుకి గంట మోగింది. సోమరాజు అడిగాడు. మూడు మిల్లీసెకన్లలో జవాబు వెళ్ళింది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ వెళ్ళింది. ఏడుసార్లు అడిగి ఊరుకున్నాడు. సర్వర్ మీద భారం చూపించే గీత నేలబారుగా పడుకుంది. డాక్టర్ మృణాళిని వచ్చి రత్నం భుజం తట్టింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర వీరబాబు ముద్ద కలుపుతూ ఆగాడు. "ఆ పాప రావడం మానేసింది," అన్నాడు.

"మంచిదే కదండీ. అది మన పాప కాదు."

"తెలుసు. అయినా ఇవాళ ఆ వేళకి గుమ్మం తలుపు తీసిపెట్టి కూర్చున్నాను." ముద్ద నోట్లో పెట్టుకోలేదు. కేంద్రానికి కూడా అలాంటి ఫోన్లు చాలా వచ్చాయని రత్నం అతనికి చెప్పలేదు.

నాలుగు రోజులు ప్రశాంతంగా గడిచాయి. ఐదో రోజు పదకొండుంబావుకి గీత మళ్ళీ నిటారుగా లేచింది. ఆలస్యం, అదే సెషన్. రత్నం ట్రేస్ తెరిచింది. ముఖం దాదాపు అదే, అంకెలు మాత్రం అక్కడక్కడ జరిగాయి. సరిపోలడానికి ఉండాల్సిన హద్దును కాస్త దాటిపోయాయి. గీసి చూసింది.

ముందు పళ్ళు వచ్చేశాయి. బుగ్గలు కాస్త జారాయి. జుట్టు రెండు జడలు. ఏడేళ్ళుంటాయేమో.

ఆ ముఖాన్ని కూడా అదే పేరుకు జోడించింది. మర్నాటికి పిల్లకు ఎనిమిదేళ్ళు. ఆ మర్నాటికి తొమ్మిది దాటాయి. బడి ఉన్న ప్రతి రోజూ పిల్ల ఒక ఏడాది పెరుగుతోంది. బడికెళ్ళిన పిల్ల తిరిగొస్తోంది. తిరిగొచ్చే పిల్ల ఎదుగుతుంది. కళ్ళు తెరవని ఆ మనిషి లోపల కాలం అంత వేగంగా పోతోంది.

డాక్టర్‌కు చెప్పలేదు. చెబితే పరికరం ఆపిస్తుందని తెలుసు. రోజూ పదిన్నరకే వచ్చి కూర్చుని, గంట మోగిన మొదటి క్షణాల్లోనే కొత్త ముఖాన్ని పట్టికలో చేర్చేసేది. ఎవరికీ ఆలస్యం తెలిసేది కాదు. దుర్గాభవానికి మాత్రం చెప్పింది.

ఆ రోజు నుంచి దుర్గాభవాని మగ్గం వదిలేసి పొద్దున్నే బస్సెక్కి వచ్చేసేది. రత్నం పక్కన కుర్చీలో కూర్చుని, ప్రింటర్‌లోంచి కాగితం వచ్చేదాకా చీర కొంగు వేలికి చుట్టుకునేది.

"పన్నెండేళ్ళకి మొటిమలొచ్చాయి చూడండి. నాకూ అంతే."

"ఈ ముక్కుపుడక ఎవరు పెట్టారో మరి. వాళ్ళ నాయనమ్మ పెట్టుంటుంది ఆయన లోపల."

ఒక్కో రోజు నవ్వేది. ఒక్కో రోజు బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసేది. ఏ బొమ్మనూ ఇంటికి తీసుకెళ్ళకుండా రత్నం సొరుగులోనే పెట్టేసేది. మంచం దగ్గరికి వెళ్ళడం తగ్గించేసింది. వెళ్ళినా బయట నుంచే చూసి వచ్చేసేది. "ఆయనకి పని ఉంది కదండీ లోపల," అందొకసారి. రత్నానికి ఆ మాట మింగుడు పడలేదు. తను చేస్తున్నది మంచా చెడా అన్న లెక్క అప్పటికే తప్పిపోయింది.

ఇరవై రెండో ముఖం రావలసిన రోజున కొత్త బొమ్మేమీ రాలేదు. గంట మోగింది, సోమరాజు అడిగాడు, మూడు మిల్లీసెకన్లలో జవాబు వెళ్ళింది. ఆలస్యం లేదు, వెతుకులాట లేదు. సర్వర్ లెక్క ప్రకారం అంతా సవ్యంగా ఉంది. రత్నం కూడా తెర మూసేయబోయింది. ఎందుకో జవాబు వరస ఒకసారి చదివింది.

దుర్గాభవాని. మీ భార్య. మీ పక్కనే కూర్చుని ఉంటుంది.

పెరిగి పెరిగి కూతురి ముఖం తల్లి ముఖాన్ని అందుకుంది. సర్వర్‌కు ఇద్దరూ ఒకటే అయ్యారు. చీకట్లో ఉన్న ఆ మనిషి, తను పెంచుకున్న పిల్ల గుమ్మంలోకి రాగానే ఎవరని అడిగాడు. భార్య అని చెప్పారు. నమ్మలేదేమో, మళ్ళీ అడిగాడు. మళ్ళీ భార్య అనే చెప్పారు. రత్నం చూస్తుండగానే ప్రశ్నల వేగం పెరిగింది. పదుల నుంచి వందలకు వెళ్ళింది. ప్రతిసారీ అదే జవాబు మూడు మిల్లీసెకన్లలో, ఏ తొట్రుపాటూ లేకుండా వెళ్తోంది.

దుర్గాభవాని పక్కనుంచి తెర మీదికి వంగి చదివింది. రెండుసార్లు చదివింది.

"తీసేయండి అది. నా పేరు తీసేయండి."

"తీసేస్తే మీరెవరో కూడా ఆయనకి తెలీకుండా పోతుందమ్మా. పాప వరస తీసేస్తే మొదట్లోలాగే అందరి పట్టికలూ వెతుకుతుంది. ఇక ఇందులో రాసి సరిచేయగలిగింది ఏమీ లేదు." రత్నం ఆమె చెయ్యి పట్టుకుంది. "తప్పు నాది. మీరు చెప్పినప్పుడే రాయకుండా ఉండాల్సింది."

దుర్గాభవాని చెయ్యి విడిపించుకుని లేచింది. మెట్లు దిగి, వరండా దాటి, వెనక భవనంకేసి నడిచింది. రత్నం ల్యాప్‌టాప్ తీసుకుని వెనకాలే వెళ్ళింది.

ఏడో మంచం పక్కన ఇంకా పిల్లల అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. దుర్గాభవాని కిటికీ మూయలేదు. మంచం అంచున కూర్చుని మొగుడి చెవి దగ్గరికి వంగింది. తొమ్మిది నెలల్లో ఆమె అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. వినపడదని చెప్పారు కాబట్టి.

"ఏవండీ," అంది. "అది నేను కాదండి. మీరు చూస్తున్నది మన నిత్య. కానీ అది బడికి వెళ్ళలేదు. నేనే అబద్ధం చెప్పించాను."

తెర మీద వరసలు పరుగెడుతూనే ఉన్నాయి.

"మీకు జ్వరమొచ్చినప్పుడే దానికీ వచ్చింది. తొమ్మిది రోజులుంది. నాన్నేడి అని అడిగింది. వచ్చేస్తారన్నాను. అప్పుడూ అబద్ధమే చెప్పాను. తెల్లారగట్ల పోయింది. మీకు చెప్పే ధైర్యం లేక దాన్ని పుట్టనే లేదన్నట్టు చేశాను. మీరు దాన్ని పెంచారు, నేను చూశాను. చాలా బావుంది. ఇంక చాలండి. ఒదిలేయండి దాన్ని."

వరసలు ఆగిపోయాయి.

రత్నం తెరను ఒకసారి రిఫ్రెష్ చేసింది. ల్యాప్‌టాప్ పాడయిందేమో అనుకుంది. మిగతా రోగుల ప్రశ్నలు మామూలుగానే వస్తున్నాయి. అతనొక్కడి దగ్గర్నుంచే ఏమీ లేదు. అవతల గంట మోగి పిల్లలు లోపలికి వెళ్ళిపోయారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. దుర్గాభవాని తల వంచుకుని వెక్కుతోంది.

అప్పుడు ఒక వరస వచ్చింది. ఒక్కటే. అందులో ముఖం గడి ఖాళీగా ఉంది. తొమ్మిది నెలలుగా ఖాళీగా ఉన్న గొంతు గడి నిండింది.

"అమ్మా," అంది రత్నం. "వింటున్నారు. ఇప్పుడు అడిగింది పాప గురించి కాదు. ఈ ఏడుస్తున్నది ఎవరని అడిగారు."

దుర్గాభవాని తల ఎత్తింది. "చెప్పారా?"

"చెప్పాం. మీ భార్య అని."

"మళ్ళీ అడిగారా?"

"లేదు. ఒక్కసారే."

దుర్గాభవాని కొంగుతో ముఖం తుడుచుకుని ఇంకా దగ్గరికి జరిగి మాట్లాడడం మొదలుపెట్టింది. మగ్గం గురించి, పక్కింటివాళ్ళ గురించి, ఏదో ఒకటి.

రత్నం జరిగిందంతా డాక్టర్ మృణాళినికి చెప్పేసింది. డాక్టర్ కోపంతో ఒక రోజంతా ఆమెతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున సోమరాజు కాగితాల మీద స్పృహ లేదన్న మాట తనే కొట్టేసింది. అతను మరో నాలుగు నెలలు బతికాడు. కళ్ళు తెరవలేదు. భార్య గొంతు విన్నప్పుడల్లా ఒకసారి అడిగి జవాబు తీసుకునేవాడు. ఆ పిల్ల ముఖం మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

కార్తీకంలో అతను పోయినప్పుడు రత్నం సొరుగులోని ఇరవై ఒక్క బొమ్మలూ కవర్లో పెట్టి దుర్గాభవానికి ఇవ్వబోయింది. దుర్గాభవాని పైన ఉన్న ఒక్కటే తీసుకుంది, ముందు పళ్ళు ఊడిన ఆరేళ్ళ పిల్లది.

"ఇది నా కూతురండి," అంది. "మిగతా పిల్ల ఆయనది."

పాడె కట్టే ముందు ఆ కవరు మొగుడి చేతుల కింద పెట్టి, జారిపోకుండా మగ్గం దారంతో రెండు చుట్లు చుట్టింది.